దగ్గులు తీసేశాక

రేడియో పిల్ల ఆరిన బట్టలు మడతపెట్టి బీరువాలో సర్దుతోంది.

సర్దాక కూడా బీరువా తలుపు మూయదు. తలుపు తెరిచి ఉంటే, అందులోని బట్టలు చప్పుడును పీల్చుకుని గదిలో గొంతు మారుమోగదు. మైకుకు అదే మేలు.

వెబ్‌సైట్ల స్టార్టప్‌లు పెట్టినవాళ్లను వారానికొకరిని ఆ చిన్న గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. దాన్ని పాడ్‌కాస్ట్‌గా వదులుతుంది. రేడియో పిల్ల అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు.

బెల్లు మోగింది.

"నీకోసం ఎవరో వచ్చారే! ఆ గుడ్డల గుహలోంచి బయటికి రా," అమ్మ కేకేసింది.

హాల్లోకి వచ్చి చూసి, రేడియో పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

రెండు నెలల కిందట పాడ్‌కాస్ట్‌లో మాట్లాడ్డానికి వచ్చిన ఇద్దరు భాగస్వాముల్లో ఒకాయన. పక్కన ఆయన భార్య.

ఆసుపత్రి వరండాలో గంటలకొద్దీ పడిగాపులు పడకుండా, ఇంట్లోంచే టోకెన్ తీసుకునే వెబ్‌సైటు వాళ్లది. భాగస్వామి మాటకారి. గలగలా చెప్పుకుపోయాడు. ఈయన మాత్రం ఒక ముక్క మాట్లాడితే రెండుసార్లు దగ్గాడు.

"మావాడికి జలుబులెండి," అని నవ్వేశాడు మాటకారి.

"మీరు కొంచెం మైకుకు దూరం జరగండి సార్," అంది రేడియో పిల్ల.

ఆయన నొచ్చుకోకుండా జరిగాడు.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని కత్తిరింపులు మొదలుపెట్టింది. తెర మీద గొంతు గీతల్లా కనిపిస్తుంది. దగ్గు వచ్చినచోట గీత నిటారుగా లేస్తుంది. లేచిన చోటల్లా కత్తిరించింది. మిగిలిన ముక్కలు ఎంతకీ అతకలేదు. విసుగొచ్చి ఆయనవన్నీ తీసేసింది. చివరికి మిగిలింది ఒక్క "అవును".

ఎపిసోడ్‌ను జనం తెగ విన్నారు. ఆ వెబ్‌సైటు మాటకారి ఒక్కడి బుర్రలో పుట్టిందనే అనుకున్నారు.

"కూర్చోండి సార్. కూర్చోండక్కా."

ఆయన కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. పలకరింపుగా తల ఊపాడు, అంతే.

కోపం, అనుకుంది రేడియో పిల్ల. ఉండదా మరి?

"మీకు రెండుసార్లు మెసేజ్ పెట్టానమ్మా. చూసుకున్నట్టు లేరు," అంది ఆయన భార్య.

చూసింది. 'మా ఆయన మాట్లాడింది మొత్తం కావాలి' అని ఉంది. పేచీకే అనుకుని జవాబివ్వకుండా వదిలేసింది.

"పనిలో పడి..." నసిగింది.

"అయ్యో, దానికేముంది! సైటు మొత్తం కట్టింది ఈయనే. అయినా పేరు కోసం రాలేదమ్మా. మీ ఎపిసోడ్ మీరేం మార్చక్కర్లేదు." సంచిలోంచి పెన్ డ్రైవ్ తీసి ఇచ్చింది. "మీరు తీసేసిన ముక్కలు ఇందులో వేసివ్వండి చాలు. ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడారట. మా పెళ్లయి తొమ్మిదేళ్లు. నాతో ఏనాడూ వరసగా నాలుగు నిమిషాలు మాట్లాడిన పాపాన పోలేదు!"

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు చప్పుడు లేదు.

"అందులో దగ్గులు చాలా ఉన్నాయక్కా..."

"ఉండనీ. దగ్గులతో సహా కావాలి."

రేడియో పిల్ల పెన్ డ్రైవ్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పింది.

కంప్యూటర్‌లో చోటు చాలదు. అందుకని పాత రికార్డింగులు ఎప్పటికప్పుడు తుడిచేస్తుంది. ఇదీ నాలుగు రోజుల కిందటే తుడిచేసింది. మెసేజ్ వచ్చి అప్పటికి పది రోజులు.

వెతికి చూస్తానని చెబుదామనుకుంది. ఆవిడ అంత ఆశగా చూస్తుంటే ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"లేవక్కా. తుడిచేశాను."

"మొత్తమా?"

"మొత్తం."

"చెరిపేసినవి కంప్యూటర్‌లోనే ఏదో చెత్తబుట్టలో ఉంటాయంటారు కదమ్మా..."

"అది కూడా ఖాళీ చేసేశాను."

ఆవిడ భర్త వైపు ఒకసారి చూసింది.

"నా గురించి కూడా ఏదో చెప్పారట. ఏం చెప్పారండీ అంటే, విన్నప్పుడు తెలుస్తుందిలే అన్నారు. పోనీ, మీకేమైనా గుర్తుందా?"

రేడియో పిల్ల గుర్తు తెచ్చుకోబోయింది. గీతలే గుర్తొచ్చాయి. ఏ గీత ఎంతెత్తు లేచిందో కూడా గుర్తుంది. మాట ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది.

"తప్పయిపోయింది సార్. తిట్టండి, పడతాను. పోనీ రేపే రండి. మిమ్మల్ని ఒక్కరినే కూర్చోబెట్టి మొదట్నుంచీ రికార్డు చేస్తాను. ఎంత దగ్గినా ఒక్క ముక్క తీయను. సరేననండి సార్!"

ఆయన ఆమెను జాలిగా చూశాడు. లేచి భార్య భుజం తట్టాడు. రేడియో పిల్ల చేతిలోంచి పెన్ డ్రైవ్ మెల్లిగా తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఏమీ అనకుండానే చెప్పులు తొడుక్కుని ఇంట్లోంచి వెళ్లిపోయాడు.

"నా మీద అంత కోపమా అక్కా?"

ఆవిడ గడప దగ్గర ఆగింది.

"కోపం కాదమ్మా. మీ దగ్గరికి వచ్చిన వారానికే, క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. ఇక మాట రాదని ముందే తెలిసి, ఉన్న నాలుగు మాటలూ మీ దగ్గర దాచిపెడదామని వచ్చారు ఆ రోజు."