అన్నీ అడిగి తెలుసుకున్న మొగుడు

హలో, వినబడుతోందా? అందరూ కులాసాయే కదా! ఈ కథ చదివాక నలుగురికీ పంపండి. ఆ మాట ఇప్పుడే చెబుతున్నాను, చివర్లో చెప్పడానికి నాకు నోరు రాదు.

“అయితే మేడం, ఈ జబ్బు మగవాళ్ళ నుంచి ఆడవాళ్ళకే తేలిగ్గా అంటుతుందంటారా?”

వెల్డరు కుర్చీ అంచున కూర్చున్నాడు. అతనికి హెచ్ఐవీ ఉందని తేలింది. భార్యకు లేదు. ఇంత శ్రద్ధగా అడిగిన మగవాణ్ణి ఆసుపత్రి కౌన్సిలరు ఎన్నడూ చూడలేదు.

“అవును బాబూ. ఆడవాళ్ళ లోపలి పొర వైశాల్యం ఎక్కువ. వీర్యం అక్కడ చాలాసేపు నిలుస్తుంది. వైరస్‌కి ఆ సందు చాలు.”

“మరి మా ఆవిడకి ఇంకా రాలేదే?”

“అదృష్టం. కలిసిన ప్రతిసారీ అంటదు. అలాగని ధీమా పడకు. రోజూ మాత్ర వేసుకుంటే పరీక్షకి కూడా దొరకనంతగా వైరస్ అణిగిపోతుంది. అక్కణ్ణుంచి ఆమెకి అంటదు. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి.”

“మాత్ర మానేస్తేనో?”

“మళ్ళీ పడగ విప్పుతుంది. ఒక్క పూట కూడా మానొద్దు.”

వెల్డరు తల వంచుకున్నాడు. “మా అత్త వచ్చి కూర్చుంది మేడం. నీకేం రాలేదుగా, ఇంకో బతుకు చూసుకుందువు పద అని మా ఆవిడతో అంటోంది. ఇది బట్టలు సర్దేసింది. ఇది లేకపోతే నేను బతకను.”

కౌన్సిలరు గుండె కరిగింది. అప్పటికప్పుడు భార్యకు ఫోను చేసింది. “ఇలాంటి మొగుడు దొరకడమ్మా! వదులుకోకు.”

భార్య ఆగిపోయింది.

పక్కనున్న నర్సు మూతి తిప్పింది. “మా ఆయన నా తలనొప్పి గురించి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఉంటే ఇలాంటివాడు ఉండాలి.”

ఎండలు ముదిరాక భార్య ఒక్కతే వచ్చింది. ఈసారి ఆమె రక్తంలోనూ ఉంది. కౌన్సిలరు రిపోర్టు మళ్ళీ చదివింది.

“అదెలాగమ్మా? మాత్రలు వేసుకుంటున్నాడుగా?”

“వైరస్ అణిగిపోయిందట, ఇక కండోమ్ అక్కర్లేదన్నాడండీ. మీరూ మంచివాడన్నారు కదా, నమ్మాను. మాత్రలు ఎప్పుడో మానేశాడట.”

“అయ్యో, అన్నీ అడిగి తెలుసుకున్నాడే! నీకొచ్చిందని తెలిసి ఎంత కుమిలిపోయాడో పాపం.”

భార్య తల అడ్డంగా ఊపింది.

“‘ఇప్పుడెళ్ళు చూద్దాం’ అన్నాడండీ.”