నవ్వు షాట్

"నవ్వు తియ్యందే నేను పాడె దిగను," అంది సత్యలక్ష్మి.

ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకి అద్దెకిచ్చే బంగళా. వాకిట్లో పాడె. తెల్లచీర, బంతిపూల దండ, ముక్కులో దూది, నుదుటి మీద రూపాయి బిళ్ళ. ఏడుపు సీను అప్పుడే ఓకే అయింది. శవం లేచి కూర్చుని గొడవ పెట్టుకుంది.

డైరెక్టర్ రవిచంద్ర ఆకాశం వైపు చూశాడు. "వెలుతురు పోతోంది. నీ నవ్వుకి తగలెయ్యడానికి ఫిల్మేమన్నా మరమరాలా? దిగు, దిగు."

"శవం వేషం వేసినవాళ్ళు లేచి కెమెరాలోకి నవ్వాలి సార్. మనం బతికే ఉన్నామని కెమెరాకి తెలియాలి. అందాకా దాన్ని తిప్పకూడదు. మొన్న హీరోగారు చచ్చిపోయే సీనుకి ఆయన నవ్వు మూడు టేకులు తీశారు కదా!"

"ఆయన హీరో."

"నేను మనిషిని సార్."

యూనిట్ మొత్తం గొల్లున నవ్వింది. పొద్దున కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించుకుని వచ్చిన రవిచంద్రే, "ఏంటీ మూఢనమ్మకాలు!" అని విసుక్కుని కెమెరాని హీరోయిన్ వైపు తిప్పించాడు.

మేకప్ బాలనర్సయ్య రూపాయి బిళ్ళ తీసి తన పెట్టెలో వేసుకున్నాడు. తడిగుడ్డతో ఆమె మొహం తుడిచాడు. "గిది మంచిగ లేదక్కా. జర ఆగరాదు, పేకప్ అయినంక కెమెరామెన్ కాళ్ళన్న మొక్కుత."

"ఆగితే డాక్టరమ్మ వెళ్ళిపోతుంది నర్సయ్యా. సోమవారం సీరియల్లో తల్లి వేషానికి చూస్తారంట. కళ్ళ కింద ఈ గుంటలు పూడకపోతే మళ్ళీ ఈ పాడే నాకు గతి. మొహానికి రంగు కూడా అక్కర్లేదు, పడుకుంటే చాలంటున్నారు అందరూ."

"గందుకని కండ్ల కింద సూదులు పొడిపిచ్చుకుంటవా? నీకేమన్న పిచ్చా?"

"బతికున్న వేషం ఒక్కటి వేసి చస్తాను," అంది. అని నాలిక్కరుచుకుంది.

జూబ్లీహిల్స్ క్లినిక్‌లో కుర్చీ ఖాళీ లేదు. మెడలో కంపెనీ కార్డులు వేలాడేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు. అందరి కళ్ళ కిందా అవే గుంటలు. రాత్రుళ్ళు నిద్ర అమ్ముకుని, ఆ డబ్బుతో నిద్రపోయినట్టుండే కళ్ళు కొనుక్కోవడానికి వచ్చారు.

డాక్టర్ గీతిక ఆమెని లోపలికి పిలిచింది. పోయినవారం తీసిన ఫోటో కంప్యూటర్లో పెట్టి, గుంటల మీద పెన్నుతో చూపించింది. "ఇక్కడా, ఇక్కడా జెల్ ఎక్కిస్తాను. ఆలోచించుకున్నారా? మళ్ళీ భయం అనకూడదు."

"నా మొహం చూసి నాకే భయం డాక్టరుగారూ. కానివ్వండి."

"పడుకోండి. కళ్ళు మూసుకోండి. అస్సలు కదలకూడదు."

"ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరండీ."

గీతిక నవ్వింది. నర్సు తెల్లదుప్పటి మెడదాకా కప్పింది. మత్తు క్రీము రాసి పక్కకి తిరిగేలోపే సూది దిగింది.

"అయ్యో, క్రీము పట్టేదాకా ఆగాల్సింది. నొప్పిగా ఉందా?"

"లేదండీ."

"ఇంత చల్లగా ఉన్నారేంటి?"

"ఏసీ కదండీ," అంది సత్యలక్ష్మి. ఆమెకి మాత్రం చలి వెయ్యలేదు. ఉక్కా పొయ్యలేదు.

పని అయ్యాక అద్దం చేతికిచ్చారు. గుంటలు లేవు. బొట్టు కూడా లేని తుడిచిన నుదురు, కింద నిండుగా రెండు కళ్ళు. ఏ పిల్లాడైనా అమ్మా అని పిలవదగ్గ మొహం. సత్యలక్ష్మి దాన్ని తడిమి తడిమి చూసుకుంది.

"ఇప్పుడొక ఫోటో తీద్దాం. మొదటిదాంట్లో బిగుసుకుని కూర్చున్నారు, ఈసారి బాగా నవ్వండి," అంది గీతిక చిన్న కెమెరా పైకెత్తుతూ.

సత్యలక్ష్మి గుండె మీంచి బండ దిగినట్టయింది. ఏ కెమెరా అయితేనేం, కెమెరాయే కదా! పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

క్లిక్.

గీతిక కెమెరా వెనక బొమ్మ చూసి కనుబొమలు ముడిచింది. "ఇంకోసారి."

సత్యలక్ష్మి గట్టిగా నవ్వింది. క్లిక్.

"మళ్ళీ ఒక్కసారి. నన్నే చూడండి."

కళ్ళు ఇంతింత చేసుకుని, గది దద్దరిల్లేలా నవ్వింది. బయట పిల్లలు తలుపు వైపు చూశారు. క్లిక్.

గీతిక బొమ్మ మీంచి తల ఎత్తలేదు.

"నవ్వమంటే కళ్ళు మూసుకుంటారేంటమ్మా? ముందు ఆ నుదుటి మీద రూపాయి బిళ్ళ తియ్యండి."