ఆఖరి ఇల్లు

పొద్దున్నే బోర్గిల్డ్ ఇంటి కారు చార్జరులో ఎర్రదీపం వెలిగింది. వోల్టేజి తప్పి కారు చార్జు కావడంలేదని, ఊళ్ళో కరెంటు పని చేసే నన్ను పిలిచింది. మధ్యాహ్నం ఆమె పట్నం ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆమె ఇంట్లో లోపం కనపడలేదు. మా నార్వే పల్లెల్లో ఒక ఇంట కరెంటు నేలకు కారినా, చుట్టుపక్కల ఇళ్ళల్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. అదే లైనులో ఉన్న కారు చార్జరు మాత్రం దాన్ని పసిగట్టి మొరాయిస్తుంది. ఆ ఇల్లు ఏదో తెలియాలంటే ఒక్కో ఇంటికీ కరెంటు తీసి చూడాలి.

“పక్కింటితో మొదలుపెడతాను,” అన్నాను.

“మా తమ్ముడిదా? వద్దు. స్వైనుంగ్‌కీ నాకూ మాటల్లేక ఆరేళ్ళు. వాడి కాఫీ మిషను ఆగినా నా మీదికే వస్తాడు. వాడిది చివర తియ్యి.”

నాకూ గొడవలంటే భయం. సరేనన్నాను. ఇంటింటికీ చెప్పి తీసేసరికి రెండు గంటలు పట్టింది.

ఆఖరికి స్వైనుంగ్ తలుపు తట్టాను. ఎవరూ పలకలేదు. బయటి పెట్టెలోనే కరెంటు తీశాను. చార్జరులో పచ్చదీపం వెలిగింది.

“వాడేనని నాకు తెలుసు,” అని బోర్గిల్డ్ నవ్వింది. “లోపలికెళ్ళి నాలుగు చివాట్లు పెట్టు.”

తలుపు తోసుకుని వెళ్ళి చూస్తే నేలమాళిగలో మోకాలిలోతు నీళ్ళు. స్వైనుంగ్ నీళ్ళు తోడే పంపును పట్టుకునే ఒరిగిపోయి ఉన్నాడు. ఊపిరి లేదు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

పైకి వచ్చాను. ఆమె కారుకు తీగ తగిలిస్తోంది.

“ఏమన్నాడు?” అంది.