పదికి పది

ఫోన్ మోగగానే లెక్కలక్క కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. తుఫాను ఖాతా నుంచి మెసేజ్.

‘పదికి పది. భుజంలో ఒకటే మంట. చెయ్యి పైకి లేవడం లేదు. ఆపమంటారా?’

“అబ్బ!” అంది పైకే. ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆమె పనంతా అంకెలతోనే. చేతులతో తొక్కే మూడు చక్రాల సైకిళ్ళ పందేలకు తయారయ్యేవాళ్ళు ఎవరిళ్ళ దగ్గర వాళ్ళు సాధన చేస్తారు. ఛాతీకి కట్టుకున్న పట్టీ గుండె వేగాన్ని, పెడల్‌కు బిగించిన మీటరు చేతుల బలాన్ని ఆమె కంప్యూటరుకు పంపిస్తాయి. తొక్కడం అయ్యాక ఎంత కష్టమనిపించిందో పదికి ఇంతని వాళ్ళే మెసేజ్ పెడతారు. అవన్నీ చూసి మర్నాటి షెడ్యూల్ రాయడం ఆమె వంతు. మనిషి మొహం చూడక్కర్లేదు, అంకె కనిపిస్తే చాలు.

ఈ తుఫాను పేరు వింటేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. నిరుడు ఒక మలుపులో అడ్డంగా దూసుకొచ్చి ఆమె తమ్ముడి సైకిల్ని పల్టీ కొట్టించాడు. అసలే కాళ్ళు చచ్చుబడ్డ పిల్లాడు, కుడి భుజంలో కండరం తెగింది. జట్టులో వాడి చోటు తుఫానుకే దక్కింది. ఆ మహానుభావుడు ఆసుపత్రి గడప కూడా తొక్కలేదు. నెల రోజులు తమ్ముడికి ఆమే అన్నం తినిపించింది.

“ఇంకోసారి సైకిలు ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే,” అని కట్టడి చేసింది. వాడు కిక్కురుమనకుండా చక్రాల కుర్చీలు బాగుచేసే షెడ్డులో పనికి చేరాడు.

ఆరు వారాల కిందట తుఫాను షెడ్యూల్ రాసే పని ఆమె చేతికొచ్చింది. దొరికావురా అనుకుంది. విశ్రాంతి రోజులు కొట్టేసింది. గంట ఉన్నచోట రెండు గంటలు రాసింది. వాడివీ చచ్చుబడ్డ కాళ్ళే, కుర్చీ తోసుకోవాలన్నా, మంచం దిగాలన్నా ఆ చేతులే కదా దిక్కు. అవి పోతే అప్పుడు తెలిసొస్తుంది వాడికి!

మొదటి వారంలోనే బలం అంకె దబ్బున పడిపోయింది. ఇంత తొందరగానా అని ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత సంబరపడింది.

కోచ్‌కు మాత్రం అనుమానం వచ్చింది. “ఏంటమ్మా ఇది? వీడి గుండె నిద్రలో కూడా పరుగెడుతోంది. కాస్త తగ్గించు.”

“మొండిఘటం సార్. వంచితేగానీ దారికి రాడు.”

“వంచబోయి విరిచేస్తావేమో!”

“ఇన్నేళ్ళలో నా లెక్క ఎప్పుడైనా తప్పిందా సార్?”

తప్పలేదు మరి. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

తమ్ముడికి ఇవేమీ చెప్పలేదు. చెప్పినా వినేలా లేడు. ఈ మధ్య వాడు మహా హుషారుగా ఉంటున్నాడు. తెల్లారకముందే షెడ్డుకు పోతున్నాడు, వచ్చి కడుపునిండా తిని మొద్దులా నిద్రపోతున్నాడు. మనిషి కుదుటపడ్డాడని ఆమె సంతోషించింది.

“వాడి మీద ఇంకా కోపమేనా అక్కా? పోనిద్దూ,” అన్నాడొకసారి.

“నువ్వు మర్చిపోతే మర్చిపో. నేను చచ్చినా మర్చిపోను.”

“నీతో పెట్టుకోలేం తల్లీ!” అని నవ్వేశాడు.

పందెం ఏర్పాట్లు చూడటానికి ఆమె వారం ముందే ఈ ఊరొచ్చింది. నిన్న ఫోన్‌లో కూడా వాడిది అదే హుషారు. “పందెం అయ్యాక త్వరగా వచ్చెయ్యక్కా, నీకో మంచి కబురు చెప్పాలి,” అన్నాడు.

ఇప్పుడు మెసేజ్ వంక చూస్తూ క్షణం ఆగింది. ఎంతైనా మనిషి భుజం. కానీ ఆసుపత్రి మంచం మీద చెంచా ఎత్తలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్న తమ్ముడు గుర్తొచ్చాడు.

‘ఆపొద్దు. నొప్పి దానంతటదే సర్దుకుంటుంది. ఇంకో గంట కలుపు,’ అని కొట్టి పంపింది.

అట్నుంచి వెంటనే జవాబొచ్చింది. ‘సరే. మీరు చెప్తే అంతే.’

రెండు రోజుల తర్వాత పందెం. బయల్దేరే గీత దగ్గర తుఫాను కూలబడతాడని లెక్కలక్క కళ్ళలో ఒత్తులేసుకుని చూసింది. వాడు కూలబడలేదు సరికదా, అందరికంటే రెండు నిమిషాల ముందు వచ్చేశాడు. చెమట తుడుచుకుంటూ నేరుగా ఆమె దగ్గరికే సైకిలు తోలుకొచ్చాడు.

“గెలిచానక్కా!”

“నీ భుజం…”

“భుజానికేం? రాయిలా ఉంది.”

“అబద్ధం!” ఆమె పళ్ళు పటపట కొరికింది. “నా షెడ్యూల్ తొక్కినవాడు ఇవాళ మంచం మీంచి లేవకూడదు!”

వాడు బిత్తరపోయాడు. “నేను తొక్కితే కదక్కా! నేను కోచ్ గారి పాత షెడ్యూలే తొక్కాను. మీది ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు. కోప్పడకండి. ఆ మలుపులో తప్పు నాదే. అది దిద్దుకుందామనే, మీ షెడ్యూల్‌తో మళ్ళీ తొక్కుతానని అడగ్గానే నా పట్టీ, మీటరు, ఖాతా ఇచ్చేశాను.”

లెక్కలక్క ఫోన్ తీసి ఆ మెసేజ్ వాడి మొహం ముందు పెట్టింది.

“మరి చెయ్యి లేవడం లేదని రాసిందెవరు?”

“మీ తమ్ముడే అక్కా.”