బయటి గడియ

వసుంధరకు అన్నిటికన్నా నిద్రంటే భయం. తను కళ్ళు మూసిన ఆ కాస్తలో మూడేళ్ళ అపూర్వ తలుపు తీసుకుని రోడ్డెక్కేస్తుందని.

అందుకే దోహాలో, ఉమ్ ఘువైలినాలోని ఆ మేడ మీద, మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని పాపకు కథ చెప్పేది.

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పాఠంలోని అమెరికా కథ. కొండెక్కి నిద్రపోయినవాడు ఇరవై ఏళ్ళకు మేలుకుంటాడు.

"మల్ల ఊరికి పోతే ఎవలన్న గుర్తువడ్తరా అమ్మా?"

అడిగింది హన్మాండ్లు. ఎదుటి బిల్డింగుకు ప్లాస్టరింగు చేసే మేస్త్రీ. నీడ కోసం ఈ మెట్ల మీద కూర్చుని అన్నం తింటాడు.

"తెలీదు. పాఠం సగంలో ఉండగానే నాకు పెళ్ళి చేసేశారు."

అతను నవ్వాడు.

"మా బిడ్డకు గూడ గదే పాఠమట. నువ్వు గూడ గంతే నాయినా అని ఉత్తరం రాసింది. ఏడేండ్లాయె సూడక. వచ్చే నెల సెలవుల పోతున్న."

చూపు మాత్రం అపూర్వ మీదే ఉంది. వసుంధరకు నచ్చలేదు. తలుపేసుకుంది.

ఆ రాత్రంతా పాపకు జ్వరం. తెల్లారేసరికి పాప లేచి ఆడుకుంది గానీ, మధ్యాహ్నానికి తల్లికి కునుకు పట్టేసింది.

ఉలిక్కిపడి లేస్తే పాప పక్కనే ఉంది. తలుపే రావడం లేదు.

బయట ఎవరో గడియ పెట్టారు.

దబదబా బాదింది. గడియ తీసింది హన్మాండ్లే.

"అమ్మా, బిడ్డ..."

"ఆడవాళ్ళని లోపల పెట్టి గడియేస్తావా?"

అతని మొహం మీదే తలుపేసింది. సాయంత్రం భర్త నిరంజన్ ఆ మేస్త్రీ కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడు.

మర్నాటి నుంచి మెట్లు ఖాళీ.

ఓ రోజు ఊరికే నిరంజన్ని అడిగింది, ఆ కొండెక్కి నిద్రపోయినవాడి కథ చివరికి ఏమవుతుందని.

"కూతురే గుర్తుపట్టి ఇంటికి తీసుకెళ్తుంది," అన్నాడు.

పది రోజులకు, కింద కిరాణా కొట్టు మొహియుద్దీన్ పాలడబ్బా అందిస్తూ అన్నాడు.

"హన్మాండ్లును దూరం షమాల్ సైటుకు పంపిండ్రంట. సెలవు గూడ ఆపిండ్రంట. ఏం జేసిండమ్మా?"

ఆమె పాలడబ్బా సంచిలో వేసుకుంది.

"ఆ దినం మీ పాప పికప్ బండి కింద పడబోతే ఆయనే ఉరికి ఎత్తుకున్నడు. పాపకు రాత్రంత జ్వరమట, అమ్మకు నిద్ర లేదట అని నేను జెప్తే, 'అయితే అమ్మను లేపొద్దు భాయ్, పండనియ్' అన్నడు. పాపను లోపల దించి, మల్ల బయటికి రాకుంట గడియ పెట్టి, డ్యూటీ ఇడిసిపెట్టి తలుపు ముంగటనే కూసున్నడు."

మీలో ఎవరైనా ఖతర్ ఉత్తరపు కొసన ఉన్న మదీనత్ అల్ షమాల్ వైపు వెళ్తే, హన్మాండ్లు అనే మేస్త్రీ ఎలా ఉన్నాడో ఒక్కసారి చూడండి. అతను అడిగిన ఆ కథ చివర కూతురు గుర్తుపడుతుందని చెప్పండి.