కూహ్మో ప్రత్యక్ష సాక్షి

రష్యా మా చిన్న మంచు దేశం మీదికి దండెత్తి వచ్చిన చలికాలపు యుద్ధం గురించి ఏమేం చదవాలో జాబితా రాసే పని కాలేజీవాళ్ళు కాత్రికి అప్పగించారు. ఆమె పదకొండు పుస్తకాలు తిరగేసింది. కూహ్మో అడవిలో జరిగిన పోరు గురించి పదకొండూ ఒకే కథ చెప్పాయి. అన్నింట్లోనూ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒకటే పేరు: ప్రత్యక్ష సాక్షి, తావెత్తి కార్పినెన్.

ఆయన ఇంకా బతికే ఉన్నాడు. కాత్రి బస్సెక్కి వెళ్ళింది. ముసలాయన ఆమెకి రెండో కప్పు కాఫీ పోశాడు.

"తాతగారూ, ఆ రోజు మీరు ఎక్కణ్ణుంచి చూశారు?"

"నేనేం చూశానమ్మా. మూడు కిలోమీటర్లు వెనక, సిపాయిలు ఆవిరి స్నానం చేసే సౌనా గుడారంలో పొయ్యి ఎగదోస్తున్నాను."

"పోరాడినవాళ్ళు వచ్చి చెప్పారా?"

"సౌనాలో మనవాళ్ళు మాట్లాడతారా ఎక్కడైనా? కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసుకుని, ఒళ్ళు తోముకుని పోయారు."

"మరి ఈ పుస్తకాల్లో ఉన్నదంతా?"

"మొదట వచ్చినాయన అలా జరిగిందా, ఇలా జరిగిందా అని అడుగుతూ పోయాడు. నేను నోరు మెదపలేదు. కాదనలేదు కదా అని రాసుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళకి ఆయన పుస్తకం చూసి చెప్పాను. అంత దూరం వచ్చినవాళ్ళని ఉత్తచేతులతో ఎలా పంపను?"

కాత్రి కలానికి మూత పెట్టేసింది. "పోనీ, మీకు సొంతంగా గుర్తున్నదేమైనా ఉందా?"

"ఒక శనివారం నలభై మంది స్నానం చేశారు. పై శనివారం కూడా నలభై మందికి నీళ్ళు కాచాను. తొమ్మిది మంది వచ్చారు. మిగిలిన నీళ్ళు మంచులో పారబోశాను."

కాత్రి మళ్ళీ కలం మూత తీసింది. ఆయన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది రాయకమ్మా. ఏ పుస్తకంలోనూ లేదు."