చెత్తబుట్టలో చాయ్ పత్తి

చెత్తబుట్టలు కెలికే ముసలివాడు కోస్తా వాళ్ళ ఇళ్ళు ఏవో కనిపెట్టి అల్లరిమూకకు చేరవేస్తున్నాడని తార్నాకలోని ఆ వీధి అంతా నమ్మింది.

అది 1969 వేసవి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో విశ్వవిద్యాలయం మూతబడింది. కర్ఫ్యూ సడలించిన గంటలో సైతం కోస్తా కుటుంబాలు బజారుకు వెళ్ళడానికి జంకుతున్నాయి.

తెలతెలవారుతుండగా, తురాయి పూలు రాలిన క్యాంపస్ బాట మీద, ఎవరి కలలోంచో తప్పిపోయి వచ్చినట్లు ఆ ముసలివాడు వచ్చేవాడు. గేటు గేటు దగ్గరా వంగేవాడు. గంప నింపుకుని చెట్లలో కలిసిపోయేవాడు.

"చెత్తను చూస్తే మనమెవరో ఎలా తెలుస్తుందండీ?" అంది కోస్తా నుంచి వచ్చిన కాత్యాయని.

"కాఫీ మడ్డి చాలదూ, అమ్మాయీ! ఇక్కడివాళ్ళు తాగేది చాయ్." పక్కింటి కొండలరావు గొంతు తగ్గించాడు. "ఆపైన కంద తొక్కలు, నమిలేసిన మునక్కాడ పిప్పి. ఇంటిపేరుతో సహా చెప్పేస్తాయి."

"ఆధారం ఏముంది?" అన్నాడు ఆమె భర్త పార్థసారథి. ఆయన భౌతికశాస్త్రం బోధిస్తాడు.

"ఇల్లు అంటుకున్నాక దొరుకుతుంది లెండి మాస్టారూ!"

ఉయ్యాలలో ఆరు నెలల పాప నిద్రలో నవ్వింది.

మర్నాటి నుంచి కాత్యాయని కాఫీ మడ్డిని మల్లెపాదులో పూడ్చసాగింది. ఎదురింటి సోమమ్మ దగ్గరకు గిన్నె పట్టుకుని వెళ్ళింది.

"కాస్త చాయ్ పత్తి ఇస్తావా?"

"కొత్తదా అమ్మా?"

"కాచి పారేసేది."

సోమమ్మ పకపకా నవ్వింది. "గిదేం సోకమ్మా! తాగుతరా, పండ్లు తోముకుంటరా?"

సోమమ్మ మరేమీ అడగకుండానే గిన్నె నింపింది.

ఆ విధంగా కాత్యాయని చెత్తబుట్ట కోస్తా వదిలి తెలంగాణకు మారింది.

నాలుగో రోజుకు కూరలు నిండుకున్నాయి. అన్నం, ఆవకాయ మిగిలాయి. బుట్టలో చాయ్ పత్తి తప్ప మరేమీ పడలేదు.

ఆ మర్నాడు గేటుకు ఒక తోటకూర కట్ట వేలాడుతోంది. ఆకుల మీద నీటి చుక్కలు ఇంకా ఆరలేదు.

"ముట్టుకోకండి!" కొండలరావు పరుగున వచ్చాడు. "ఆ ముసలాడు వీధిలో ఏడిళ్ళకు కట్టాడు. అన్నీ మనవాళ్ళవే. గుర్తు పెట్టేశాడు మాస్టారూ. ఇవాళ కట్ట, రేపు కిరసనాయిలు!"

పార్థసారథి ఉయ్యాల వైపు చూశాడు. ఈసారి ఆధారం అడగలేదు. వీధి మలుపులో కాపలా ఉన్న పోలీసు దగ్గరకు తానే నడిచి వెళ్ళాడు.

ముసలివాడు ఇంకా వీధి చివరనే ఉన్నాడు.

"కట్టలు పెట్టింది నువ్వేనా?" అని పోలీసు నిలదీశాడు.

"నేనే సారూ."

"ఒప్పుకున్నాడు!" అన్నాడు కొండలరావు.

గంప రోడ్డు మీద పడిపోయింది. మనిషిని జీపెక్కించారు. కాత్యాయని తోటకూరను విప్పకుండానే బుట్టలో పడేసింది.

ఏ ఇల్లూ అంటుకోలేదు. మూడు రోజుల తరువాత ఒక వృద్ధురాలు వచ్చింది.

"నేను కాశమ్మనమ్మా. మా సత్తయ్య గంప గీడ పడ్డదంట."

"ఆయన ఎక్కడ?" అడిగాడు పార్థసారథి.

"ఇడిసిపెట్టిన్రు. ఊరికి పోయిండు. ఇగ ఈ పట్నంల అడుగు పెట్టనన్నడు."

"ఆ కట్టలు ఎందుకు పెట్టాడు?"

"తొక్కలు మా కూర మడికి ఎరువు సారూ. ఏ బుట్టల తొక్కలు పడకపాయెనో ఆ ఇంట్ల కూర లేనట్టే గద." ఆమె ఉయ్యాల వైపు చూసి చిన్నగా నవ్వింది. "గీ ఇంటి తల్లి పసిపిల్లను పెట్టుకొని ఉత్త చాయ్ తాగి పండుకుంటున్నదని శానా పరేషానయ్యిండు."



కాశమ్మ రోడ్డు పక్కన పడి ఉన్న గంపను నెత్తిన పెట్టుకుంది. ఎండలో తెల్లగా మెరుస్తున్న బాట ఆమెను మెల్లగా కరిగించుకుంది.

"ఎన్నయినా చెప్పండి," గోడ అవతల నుంచి కొండలరావు గొణిగాడు, "ఏరి ఏరి మనవాళ్ళ ఇళ్ళకే ఎందుకు పెట్టాలి?"

పార్థసారథి వీధిని ఈ చివర నుంచి ఆ చివరకు లెక్కపెట్టాడు.

"మనవాళ్ళవి ఆరే ఇళ్ళండీ."

ఏడో కట్టను సత్తయ్య వరంగల్లు నుంచి వచ్చిన సోమమ్మ గేటుకు కట్టాడు; ఆమె బుట్టలోనూ తొక్కలు లేవు. ఆమె దాన్ని ఆ పూటే పప్పులో వేసి వండి పిల్లలకు పెట్టింది.